క్రిస్మస్ స్టార్ ఫోటో తెల్లముద్దలా రాకుండా ఎలా తీయాలి?

క్రిస్మస్ పొద్దున వాట్సాప్ తెరిస్తే ఒకే రకం ఫోటో. నల్లటి ఆకాశం, మధ్యలో తెల్లటి ముద్ద. కింద "మా స్టార్" అని రాస్తే తప్ప అదేంటో తెలియదు. ఏటా కాజీపేట సందుల్లో లైట్ల కోసం తిరిగేవాడిగా చెప్తున్నా, తప్పు ఫోన్‌ది కాదు. రాత్రి అన్నం తిని తీరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరారు చూడండి, అదీ తప్పు.

ఫోన్, ఫుల్ ఛార్జింగ్, లెన్స్ తుడవడానికి పాత నూలు గుడ్డ, ఒక స్వెటర్ చాలు. ట్రైపాడ్ తేవద్దు. ఇరుకు సందులో మూడు కాళ్లు పాతితే వచ్చేపోయే బండ్లన్నీ మీమీదే హారన్ కొడతాయి.

23నే వెళ్లండి. 24న ఇళ్లలో ఎవరి హడావుడి వాళ్లది. సాయంత్రం ఐదింటికి రైల్వే క్వార్టర్ల వైపు మొదలుపెట్టి, నడుచుకుంటూ ఫాతిమానగర్ చేరండి. బండి మీద వెళ్తే పెద్ద పెద్ద లైట్లే కనిపిస్తాయి, గుమ్మానికి వేలాడే చిన్న స్టార్ కనిపించదు. వెలుగుండగానే రెండు మూడు ఇళ్లు చూసి పెట్టుకుని, "అమ్మా, మీ స్టార్ ఫోటో తీసుకుంటా" అని అడగండి. "తీసుకో బిడ్డా" అనడమే కాదు, చేతిలో కేకు ముక్క కూడా పెడతారు. కేకు తిన్నాక వేళ్లు తుడుచుకోండి, లెన్స్ మీద జిడ్డుంటే ప్రతి బల్బుకూ తోక మొలుస్తుంది.

ఇక అందరూ చెడగొట్టే పని. డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యుడు దాదాపు 5:45కి దిగిపోతాడు. వెంటనే తీయకండి, ఆకాశం ఇంకా తెల్లగా ఉంటుంది, స్టార్ వెలవెలబోతుంది. 5:55 నుంచి ఓ పావుగంట ఆకాశం ముదురు నీలంగా మారుతుంది. స్టార్ వెలుగూ ఆకాశం వెలుగూ సరితూగేది అప్పుడే. ఆ పావుగంట పోతే ఆ రోజుకు ఇంటికి పోవడమే.

వేలు స్టార్ మీదే పెట్టి, లాక్ పడేదాకా నొక్కి పట్టండి. గోడ మీద పెట్టారో, చీకటిగా ఉందని ఫోన్ మొత్తం వెలుగు పెంచేసి స్టార్‌ను కాల్చేస్తుంది. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. ఎంతవరకంటే, ఎర్ర కాగితం ఎర్రగా కనపడాలి. వెదురు బద్దల నీడ, మైదా జిగురు ఆరిన మరకలు కూడా కనపడాలి. ఇల్లు చీకట్లోకి పోయిందని భయపడకండి. చీకటిని తర్వాత కొంచెం లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

నైట్ మోడ్ ఆపేయండి. అది చాలా ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది, గాలికి ఊగే స్టార్ రెండుగా వస్తుంది. సీరియల్ బల్బుల ఫోటోలో అడ్డచారలు పడుతుంటే ప్రో మోడ్‌లో (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) షట్టర్ 1/50 పెట్టండి, అంటే సెకనులో యాభయ్యో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50లో రెండు మినుకులు పూర్తిగా పడతాయి కాబట్టి చారలు పోతాయి. జూమ్ చేయకండి, నాలుగడుగులు ముందుకు వేయండి.

ఫాతిమా కెథడ్రల్‌ను కూడా ఆ పావుగంటలోనే తీయాలనిపిస్తుంది. రెండూ కుదరవు. నా ఓటు సందుకే, చర్చి ఫోటో ఎలాగూ ఊరంతా తీస్తుంది.

పూర్తిగా చీకటి పడ్డాక, యేసు పుట్టుకను చూపిస్తూ బొమ్మలతో కట్టే పశువుల పాకల దగ్గరికి వెళ్లండి, వాటికి ఆకాశంతో పని లేదు. పాకలో బాలయేసు లేడేంటని ఎవరినీ అడగకండి. చాలాచోట్ల 24 అర్ధరాత్రి పూజలోనే ఆ ప్రతిమను తొట్టిలో పెడతారు. ఖాళీ తొట్టిని, అందులోని వరిగడ్డిని ఒకటి తీసుకుని, ఎక్కడ నిలబడ్డారో గుర్తు పెట్టుకోండి. 25 సాయంత్రం అక్కడే నిలబడి ఇంకొకటి తీయాలి.