ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ట్రేడ్ ప్రతిపాదనను తూకం వేయడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌ను, దాని వృత్తిపర లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌ను ప్రాణంగా చూసే అభిమానులకు ఆట లేని నెలల్లో కూడా తీరిక ఉండదు. మార్చిలో కొత్త లీగ్ సంవత్సరం మొదలైన నాటి నుంచి ఏప్రిల్ చివర్లో జరిగే డ్రాఫ్ట్ (కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) దాకా, మళ్లీ సీజన్ మధ్యలో ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల, పిక్‌ల మార్పిడి) గడువు దగ్గర పడే వేళ, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, ఏ రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) వదులుకోవచ్చు అన్న వాదన సాగుతూనే ఉంటుంది. అది మంచి వాదన అని నేను నమ్ముతాను, ఎందుకంటే జట్టు ఎలా కడతారో అభిమానికి అర్థమయ్యేది అక్కడే. అయితే ఆ ప్రతిపాదనల్లో చాలా వరకు ఒకే ఒక్క ప్రశ్న దగ్గర వీగిపోతాయి: అవతలి జట్టు దీనికి ఎందుకు ఒప్పుకుంటుంది?

కాబట్టి మీ ప్రతిపాదనను ముందుగా అవతలి జట్టు జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చుని రాయండి. ఆ ఆటగాడిని వదులుకోవలసిన అవసరం ఆ జట్టుకు ఏమిటి, మీరిచ్చే పిక్‌తో అది తీర్చుకోగల లోటు ఏమిటి అన్నవి రెండు మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ప్రతిపాదన మీ కోరిక మాత్రమే. దాని మీద లెక్కలు వేయడం దండగ.

ఇక ధర సంగతి. డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు, లీగ్‌లో 32 జట్లు ఉంటాయి. సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్‌కు చేరని 18 జట్లు తక్కువ విజయాలున్న జట్టు ముందుగా ఎంచుకునే క్రమంలో నిలబడతాయి. తర్వాత ప్లేఆఫ్‌లో ఓడిన దశను బట్టి మిగతావి వస్తాయి, ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుది చివరి స్థానం. దీన్ని బట్టి ‘ఒక మొదటి రౌండ్ పిక్’ అని ఊరికే అనడం సరిపోదు. 1990ల ఆరంభంలో డల్లాస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో ప్రసిద్ధమైన పట్టికలో మొదటి పిక్ విలువ 3000 పాయింట్లు, 10వ పిక్ విలువ 1300, 32వ పిక్ విలువ 590. అన్నీ మొదటి రౌండ్ పిక్‌లే, కానీ మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఐదు రెట్ల తేడా ఉంది.

పట్టికను ఎలా వాడాలో ఒక నిజమైన ట్రేడ్‌తో చూద్దాం. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్‌ను ఎంచుకుంది. అందుకు బఫెలో బిల్స్‌కు 27వ పిక్, 91వ పిక్, 2018 మొదటి రౌండ్ పిక్ ఇచ్చింది. 27కు 680, 91కి 136, కలిపి 816 పాయింట్లు. వచ్చే ఏడాది పిక్‌ను ఒక రౌండ్ తగ్గించి లెక్కించడం జట్ల మధ్య ఉన్న వాడుక. అంటే 2018 మొదటి రౌండ్ పిక్‌ను 2017 రెండో రౌండ్ మధ్యలోని పిక్‌గా, సుమారు 420 పాయింట్లుగా తీసుకోవాలి. మొత్తం 1236 అవుతుంది, 10వ పిక్ విలువ 1300. రెండు వైపులా తూకం దాదాపు సరిపోయింది. మీ ప్రతిపాదనను కూడా ఇలాగే కూడి చూడండి. తేడా పదింట ఒక వంతు లోపు ఉంటే బేరం సాగుతుంది, అంతకు మించితే ఇంకో పిక్ జోడించండి, లేదా తీసేయండి.

ఈ పట్టికను వేదవాక్కుగా మాత్రం తీసుకోకండి. కేడ్ మాస్సీ, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ కలిసి చేసిన పరిశోధనలో జట్లు తొలి పిక్‌లకు వాటి నుంచి వచ్చే ఫలితం కన్నా ఎక్కువ ధర చెల్లిస్తున్నాయని తేలింది. తర్వాత వచ్చిన కొత్త పట్టికల్లో పై పిక్‌లకూ మధ్య పిక్‌లకూ ఉన్న అంతరం బాగా తగ్గింది. పైగా క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) కోసం ఎగబాకే జట్టు చాలాసార్లు ఏ పట్టికనూ లెక్కచేయదు. 2023లో మొదటి పిక్ కోసం కరోలినా పాంథర్స్ చికాగో బేర్స్‌కు 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్ పిక్‌లతో పాటు డీజే మూర్ అనే మంచి రిసీవర్‌ను (విసిరిన బంతిని అందుకునే ఆటగాడిని) కూడా ఇచ్చింది. ఆటగాడి స్థానం క్వార్టర్‌బ్యాక్ అయితే మీ లెక్కకు అదనపు ధర కలపవలసిందే.

ఇదే ట్రేడ్ మరో విషయం నేర్పుతుంది. ఆ సీజన్‌లో పాంథర్స్ 17 ఆటల్లో 2 మాత్రమే గెలిచింది. దాంతో బేర్స్‌కు వచ్చిన 2024 పిక్ ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయింది. దానితో కేలెబ్ విలియమ్స్‌ను తీసుకున్నారు. భవిష్యత్ పిక్ ఎవరిదో, ఆ జట్టు రాబోయే ఏడాది ఎక్కడ నిలుస్తుందో అంచనా వేయకుండా ధర కట్టలేం. లాస్ ఏంజెలెస్ రామ్స్ మాథ్యూ స్టాఫర్డ్ కోసం 2021లో డెట్రాయిట్ లయన్స్‌కు ఇచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్‌లలో 2022 నాటిది 32వ పిక్‌గా తేలింది, ఎందుకంటే రామ్స్ సూపర్ బౌల్ గెలిచింది. 2023 నాటిది 6వ పిక్ అయింది, ఎందుకంటే తర్వాతి సీజన్‌లో అదే రామ్స్ 12 ఆటలు ఓడింది. ఒకే జట్టు, ఒకే ఒప్పందం, పన్నెండు నెలల తేడా. జాన్సన్ పట్టిక ప్రకారం రెండో పిక్ విలువ మొదటిదానికి రెండున్నర రెట్లకు పైనే. అందుకే జట్టు వయసు, క్వార్టర్‌బ్యాక్ ఆరోగ్యం, కోచ్ స్థిరత్వం చూసి ఆ పిక్ పడే స్థానానికి ఒక పరిధి రాసుకోండి. ఒక్క అంకె రాసుకుంటే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే.

ఆటగాడి ధర కట్టేటప్పుడు అతని ప్రతిభ ఎంత ముఖ్యమో, అతని ఒప్పందంలో మిగిలిన ఏళ్లు కూడా అంతే ముఖ్యం. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం పొందాడు, అందులో 5 కోట్లకు హామీ ఉంది. 2011లో కొత్త వేతన నియమాలు వచ్చాక అదే మొదటి పిక్‌గా వచ్చిన క్యామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు. అప్పటి నుంచి డ్రాఫ్ట్ పిక్ అంటే నాలుగేళ్ల చవక సేవ అన్న మాట; మొదటి రౌండ్ ఆటగాళ్ల విషయంలో ఐదో ఏడాదికి కూడా జట్టుకే ఎంపిక హక్కు ఉంటుంది. కాబట్టి రెండో ఏడాదిలో ఉన్న మంచి ఆటగాడికీ, ఒప్పందం ముగియబోతున్న అంతే మంచి ఆటగాడికీ ఒకే ధర ఉండదు.

ఒప్పందం ముగియవచ్చిన అగ్రశ్రేణి ఆటగాడిని తెచ్చుకునే జట్టు రెండు ధరలు చెల్లిస్తుంది: ఒకటి పిక్‌లలో, మరొకటి కొత్త ఒప్పందంలో. 2025 ఆగస్టులో గ్రీన్ బే ప్యాకర్స్ మైకా పార్సన్స్ కోసం డల్లాస్‌కు 2026, 2027 మొదటి రౌండ్ పిక్‌లతో పాటు కెన్నీ క్లార్క్‌ను ఇచ్చి, ఆ వెంటనే పార్సన్స్‌తో నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అభిమానుల వాదనల్లో మొదటి ధర గురించే మాట వస్తుంది, రెండోది ఎవరికీ గుర్తుండదు. 2025లో ఒక్కో జట్టు శాలరీ క్యాప్, అంటే ఆటగాళ్ల వేతనాలకు ఏటా వాడగల గరిష్ఠ మొత్తం, 27.92 కోట్ల డాలర్లు. మీరు తెచ్చుకునే ఆటగాడి సగటు వేతనాన్ని ఆ ఏడాది క్యాప్‌తో భాగించి, ఆ భాగం కోసం జట్టులో ఎవరిని వదులుకోవాలో పేర్లతో సహా రాయండి.

ఇప్పుడు డెడ్ మనీ, అంటే వెళ్లిపోయిన ఆటగాడి పేర ఇంకా క్యాప్ లెక్కలో పడే మొత్తం గురించి; మంచి మంచి ప్రతిపాదనలు కూడా ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. సైనింగ్ బోనస్ (ఒప్పందం మీద సంతకానికి ఇచ్చే మొత్తం) ఆటగాడికి ముందే చేరుతుంది, కానీ క్యాప్ లెక్కలో దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచుతారు. ఉదాహరణకు 5 కోట్ల బోనస్ ఐదేళ్లకు ఏటా కోటి చొప్పున పడుతుంది అనుకుందాం. రెండేళ్ల తర్వాత అతన్ని ట్రేడ్ చేస్తే మిగిలిన 3 కోట్లూ పాత జట్టు ఖాతాలోనే, ఒకేసారి, ఆ ఏడాదే పడతాయి. కొత్త జట్టు మోసేది మూల వేతనాన్నీ, ఇంకా చెల్లించాల్సిన ఇతర బోనస్‌లనూ మాత్రమే. అందువల్ల ‘వాళ్లకు క్యాప్ స్థలం మిగులుతుంది’ అని ట్రేడ్‌ను సమర్థించే ముందు, నిజంగా మిగులుతుందా, ఇంకా తగ్గుతుందా అని కూడి చూడాలి. 2021లో కార్సన్ వెంట్జ్‌ను ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు పంపినందుకు ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్యాప్‌లో సుమారు 3.38 కోట్ల డాలర్లు ఇలా నిరర్థకంగా మోసింది.

జూన్ 1 తర్వాత ట్రేడ్ చేస్తే ఆ భారం రెండేళ్లకు చీలుతుంది: మన ఉదాహరణలో ఈ ఏడాది కోటి, వచ్చే ఏడాది 2 కోట్లు. జట్టు నుంచి విడుదల చేసే ఆటగాళ్లలో ఇద్దరిని ముందుగానే జూన్ 1 తర్వాతి లెక్కలో చూపే వెసులుబాటు ఉంది గానీ, ట్రేడ్‌కు అది వర్తించదు. ట్రేడ్ నిజంగానే ఆ తేదీ తర్వాత జరగాలి. అప్పటికి ఆ ఏడాది డ్రాఫ్ట్ ముగిసిపోయి ఉంటుంది. అంటే ‘జూన్ తర్వాత పంపుదాం, ఈ ఏప్రిల్ పిక్ తీసుకుందాం’ అన్న ప్రతిపాదన కుదరదు. ఆలస్యం చేసే జట్టుకు వచ్చేవి భవిష్యత్ పిక్‌లు మాత్రమే, వాటిని ఒక రౌండ్ తగ్గించి లెక్కించాలని పైన చెప్పుకున్నాం. ఈ ఒక్క అంశం గుర్తుంచుకుంటే వసంతకాలంలో వినిపించే వాదనల్లో సగం సర్దుకుంటాయి.

రెండు జట్లూ ధర మీద రాజీపడలేనప్పుడు షరతుతో కూడిన పిక్ ఉపయోగపడుతుంది. 2023లో ఆరన్ రాడ్జర్స్‌ను తెచ్చుకున్న న్యూయార్క్ జెట్స్, అతను జట్టు స్నాప్‌లలో (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో సందర్భాన్ని స్నాప్ అంటారు) 65 శాతం ఆడితే 2024 రెండో రౌండ్ పిక్ మొదటి రౌండ్ పిక్‌గా మారేలా ఒప్పుకుంది. అతను నాలుగో స్నాప్‌కే అకిలెస్ స్నాయువు తెగి సీజన్‌కు దూరమయ్యాడు. పిక్ రెండో రౌండ్‌లోనే ఉండిపోయింది. వెంట్జ్ విషయంలో ఇలాంటి షరతే నెరవేరి, కోల్ట్స్ మొదటి రౌండ్ పిక్‌ను వదులుకుంది. వయసు మళ్లిన, లేదా గాయాల చరిత్ర ఉన్న ఆటగాడిని మీరు అడుగుతుంటే, ఇలాంటి షరతు ఒకటి కలిపి చూడండి; అవతలి అభిమాని అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది.

మిగతా అడ్డంకులను త్వరగా సరిచూసుకోవచ్చు. ఆటగాడి ఒప్పందంలో ట్రేడ్‌ను తిరస్కరించే హక్కు ఉంటే అతని సమ్మతి కావాలి. ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాడిని మరో ఏడాది జట్టులోనే ఉంచుకునే హక్కు) వేసిన ఆటగాడు ఆ ట్యాగ్ పత్రం మీద సంతకం చేసేదాకా అతన్ని ట్రేడ్ చేయలేరు. వైద్య పరీక్షలో విఫలమైతే ఒప్పందం రద్దు కావచ్చు. ఒకే డివిజన్‌లోని (లీగ్‌లో నాలుగేసి జట్ల విభాగంలోని) ప్రత్యర్థికి అగ్రశ్రేణి ఆటగాడిని పంపడానికి ఏ జట్టూ ఇష్టపడదు కాబట్టి, అలాంటి ప్రతిపాదనకు అదనపు ధర కలపాలి.

ట్రేడ్ జరిగిన తర్వాత ఎవరు గెలిచారని వాదించేటప్పుడు, ఆనాడు తెలిసిన విషయాలను బట్టి నిర్ణయం సరైనదా అన్న ప్రశ్ననూ, ఫలితం ఎలా వచ్చిందన్న ప్రశ్ననూ విడిగా ఉంచండి. జెట్స్ ఫలితం దారుణం, కానీ ఆ షరతు పెట్టడం తెలివైన పని. రెండు వైపులా లాభపడే ట్రేడ్‌లు కూడా ఉంటాయి: స్టాఫర్డ్‌తో రామ్స్ సూపర్ బౌల్ గెలిస్తే, లయన్స్ ఆ 6వ పిక్‌ను ఇచ్చి కిందికి జరిగి, వచ్చిన 12, 34వ పిక్‌లతో జమీర్ గిబ్స్‌నూ, సామ్ లాపోర్టానూ తెచ్చుకుంది.

చివరగా కాలం. మార్చిలో క్యాప్ స్థలం ఉన్న జట్లు చాలా ఉంటాయి, అందుకే ఆటగాడికి పోటీ పెరుగుతుంది. డ్రాఫ్ట్ రోజుల్లో, కోరుకున్న ఆటగాడు అందుబాటులో ఉన్నాడని కళ్లారా చూశాక ఎగబాకే జట్టు ఎక్కువ చెల్లిస్తుంది. 2024 నుంచి తొమ్మిదో వారం తర్వాతి మంగళవారానికి మారిన గడువు దగ్గర, ఓడుతున్న జట్లు ఒప్పందం ముగియబోయే ఆటగాళ్లను తక్కువకే వదులుతాయి. కొనే జట్టు మోసేది కూడా మిగిలిన వారాల వేతనమే. మీ ప్రతిపాదన పక్కన అది ఏ నెలలో జరగాలో కూడా రాయండి, ఎందుకంటే మార్చిలో రెండో రౌండ్ పిక్ పలికిన ఆటగాడు నవంబరులో నాలుగో రౌండ్ పిక్‌కే దొరకవచ్చు.