నారోబోట్‌తో లాఖ్ రీ సరస్సు దాటబోతున్నారా? ముందు చూసుకోవలసినవి

ఐర్లండ్‌లో గ్రాండ్ కెనాల్, రాయల్ కెనాల్ రెండూ డబ్లిన్‌లో మొదలై షానన్ నదిని చేరుకుంటాయి. 2010లో రాయల్ కెనాల్‌ను మళ్లీ తెరిచాక, ఒక కాలువలో వెళ్లి రెండో కాలువలో తిరిగొచ్చే ప్రయాణం నారోబోట్ వాళ్లకు మళ్లీ వీలైంది. అందులో ఆత్‌లోన్ నుంచి లేన్స్‌బరో దాకా పరుచుకున్న లాఖ్ రీ సరస్సు తీరే వేరు. పొడవు సుమారు 29 కిలోమీటర్లు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు పోయే పడవకు నాలుగు గంటల దారి. గాలి లేని రోజున ఇంత హాయైన ప్రయాణం ఇంకోటి ఉండదు. గాలి లేచిన రోజున ఆ నీళ్లలో నారోబోట్‌కు పని లేదు.

ఎందుకంటే ఇది కాలువ కోసం కట్టిన పడవ. వెడల్పు 2.1 మీటర్ల లోపే, పొడవు 22 మీటర్ల దాకా ఉంటుంది. అడుగు చదును. అల పక్క నుంచి కొడితే ఊగుతుంది. ఆ ఊపుకే బోల్తా పడదు గానీ, ఊగినప్పుడల్లా పక్కనున్న రంధ్రాలు నీళ్లలో మునుగుతాయి. నారోబోట్లు మునిగేది ఎక్కువగా అలా నీళ్లు ఎక్కడం వల్లే.

అందుకే బయల్దేరే ముందురోజు టేపు పట్టుకుని పడవ చుట్టూ తిరగండి. సింకు, స్నానాల గది నీళ్లు బయటికిపోయే గొట్టాలు, ఇంజన్ గది గాలి రంధ్రాలు, పొగగొట్టం, ముందు తలుపు గడప, ఇవన్నీ నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి. 25 సెంటీమీటర్ల కంటే కింద ఉన్నవన్నీ అనుమానించదగ్గవే. సింకు గొట్టానికి వాల్వ్ లేకపోతే చెక్క బిరడా బిగించండి. ముందు తలుపుల అడుగున ఉండే గాలి రంధ్రాలకు పలక పెట్టి, గట్టి టేపుతో అతికించండి. ముందు డెక్ మీద పడ్డ నీళ్లు బయటికి పోయే దారులను మాత్రం మూయకూడదు. గాలి రంధ్రాలు మూసి ఉన్నంతసేపూ గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసి ఉండాలి, బొగ్గు పొయ్యి పూర్తిగా ఆరి ఉండాలి. లేకపోతే క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది.

వెనక వైపు అసలు గండం వీడ్ హ్యాచ్. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న నాచు తీయడానికి దాని పైన పెట్టిన మూత అది. రబ్బరు పట్టీ ఎండిపోయినా, బిగింపు వదులైనా ప్రొపెల్లర్ తోసే నీళ్లు నేరుగా ఇంజన్ గదిలోకి వస్తాయి. మూత తీసి, పట్టీ తుడిచి, మళ్లీ బిగించి, ఇంజన్ గేర్‌లో పెట్టి చూడండి. చుక్క కూడా రాకూడదు. పడవ అడుగున చేరిన నీళ్లను తోడే బిల్జ్ పంప్‌కు, నీళ్లతో పాటు పైకి తేలి దాన్ని ఆన్ చేసే ఫ్లోట్ ఉంటుంది. దాన్ని చేత్తో ఎత్తి, పంపు నీళ్లు కక్కుతోందో లేదో కళ్లారా చూడండి.

ఇక డీజిల్. కాలువలో పడవ కదలిక తక్కువ కాబట్టి ట్యాంకు అడుగున నీళ్లూ మడ్డీ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. సరస్సు ఊపుకు అవి లేచి ఫిల్టర్‌కు అడ్డుపడతాయి. ఇంజన్ సరిగ్గా నడి సరస్సులో ఆగిపోతుంది, పడవ అలలకు అడ్డం తిరుగుతుంది. ముందే ట్యాంకు అడుగు నుంచి చేతి పంపుతో నీళ్లు తోడేయండి, కొత్త ఫిల్టర్ వేయండి, రెండు స్పేర్లు ఉంచుకోండి. ఫిల్టర్ మార్చాక లైన్‌లో గాలి తీయడం ఒడ్డునే ఒకసారి చేసి నేర్చుకోవాలి.

కాలువ వేగానికి తగ్గట్టు పెట్టిన, ఇంజన్‌ను చల్లబరిచే కూలింగ్ ట్యాంకు, ఇంజన్‌ను గంటల తరబడి గట్టిగా నడిపితే చాలకపోవచ్చు. గ్రాండ్ కెనాల్ నదిని కలిసే షానన్ హార్బర్ నుంచి ఆత్‌లోన్ దాకా నదే కాబట్టి, ఆ దారిలో సరస్సు మీద వెళ్లబోయే వేగంతో గంటసేపు నడిపి వేడి ముల్లు చూడండి. పైకి పాకుతూనే ఉంటే వేగం తగ్గించుకోవాలి, లేదా సరస్సు ఆలోచన మానుకోవాలి.

లంగరు లాకర్లో ఉంటే లేనట్టే. దాన్ని ముందు డెక్ మీద పరిచి, తాడు కొసను గట్టి కొక్కేనికి ముందే కట్టేయండి. 18 టన్నుల పడవకు 20 కిలోల లంగరు, 10 మీటర్ల గొలుసు, 30 మీటర్ల తాడు ఉంచుకుంటే మంచిది. లోతుకు కనీసం ఐదు రెట్లు వదలాలి. కప్పు మీద సైకిళ్లు, బొగ్గు బస్తాలు ఉంటే కిందికి దించండి. పైన బరువుంటే ఊపు పెరుగుతుంది.

వాతావరణానికి ఐర్లండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరన్ ఇచ్చే సరస్సుల సూచన చూడండి. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ కొలమానంలో 3 దాకా ఫరవాలేదు. 4 అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, కట్టిన తాడు విప్పకండి. సూచన ఏం చెప్పినా, ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ల మీద తెల్ల నురగలు తరచుగా కనిపిస్తుంటే ఆగిపోవాలి. వేసవిలో పొద్దున్నే నీళ్లు శాంతంగా ఉంటాయి, మధ్యాహ్నానికి గాలి పుంజుకుంటుంది. వెళ్లకూడని రోజున బయల్దేరేది ఎక్కువగా తేదీల తొందర ఉన్నవాళ్లే. ప్రయాణంలో రెండు రోజులు ఖాళీగా అట్టే పెట్టుకోండి. అద్దె పడవైతే సరస్సు దాటడానికి ఒప్పందమూ బీమా ఒప్పుకుంటాయో లేదో ముందే అడగండి.

ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. కాబట్టి ఉత్తరంగా వెళ్లేటప్పుడు అలలు వెనక ఎడమ పక్క నుంచి వస్తాయి. పడమటి ఒడ్డు కొంత చాటు ఇస్తుంది. హాడ్సన్ బే, చిన్న కాలువ గుండా చేరే లెకారో, ఇంకా పైన పోర్ట్‌రన్నీ, మూడూ ఆ వైపే. గాలి మారితే వాటిలో దగ్గరి రేవుకు తిరగండి. ఎగువకు వెళ్లేటప్పుడు నీళ్లలో దారి చూపే ఎర్ర గుర్తులు ఎడమన, పచ్చవి కుడిన ఉండాలి. దిగువకు వస్తే అటుదిటు. గుర్తుల వరసను అడ్డంగా కోసుకుపోవద్దు, సున్నపురాయి మిట్టలు నీటి కిందే ఉంటాయి.

పడవ నడుస్తుండగా డెక్ మీదున్న 16 ఏళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ ఐర్లండ్ చట్టం ప్రకారం తప్పనిసరి. నారోబోట్ మీద పెద్దలూ వేసుకోవాల్సిందే. కాళ్ల మధ్య పట్టీ బిగించకపోతే జాకెట్ తల మీదుగా జారిపోతుంది. ఈత వచ్చిన ధీమా పనికిరాదు, చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగేస్తారు. ఎవరైనా పడితే మొదట గేర్ న్యూట్రల్‌లో పెట్టండి, రివర్స్ వేయకండి. ఇంజన్ ఆగితే ముందు లంగరు వేసి, తర్వాతే ఫిల్టర్ సంగతి చూడండి. సహాయానికి 112 లేదా 999కి ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని అడగండి, పడవలో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే చానల్ 16.

లేన్స్‌బరోలో తాడు కట్టాక, టీ పెట్టే ముందు తలుపుల దగ్గరి టేపులూ పలకలూ తీసి, బిరడాలు లాగేయండి. గ్యాస్ వాల్వ్ తిప్పేది ఆ తర్వాతే.