గుణదల కొండ ఎక్కేవారికి: మరియమాత క్షేత్ర చరిత్ర, మొక్కుల పద్ధతి

విజయవాడలోని గుణదల కొండకు వెళ్లదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ రోజున వెళ్లాలన్న విషయం. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో ఇక్కడ మరియమాత మహోత్సవాలు జరుగుతాయి. జనం వాడుకలో అవే గుణదల తిరునాళ్లు. ఆ మూడు రోజులూ లక్షల మంది వస్తారు కాబట్టి, జనంతో కలిసి పాటలు పాడుకుంటూ కొండ ఎక్కాలన్న కోరిక ఉన్నవారు అప్పుడే వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలనో చంటిబిడ్డనో వెంటబెట్టుకుని మొక్కు తీర్చుకోవలసినవారు మాత్రం తిరునాళ్ల రద్దీ తగ్గాక ఒక మామూలు రోజున, ఎండ ముదరకముందే చేరుకోవడం మేలు. మొక్కు ఏ రోజున తీర్చినా మొక్కే.

ఉత్సవం 11వ తేదీతో ఎందుకు ముగుస్తుందో తెలిస్తే కొండ మీద కనిపించేదంతా అర్థమవుతుంది. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశంలో, పిరనీస్ పర్వతాల పాదాన ఉన్న లూర్దు అనే ఊరిలో, బెర్నదెత్ అనే 14 ఏళ్ల నిరుపేద బాలిక వంటచెరుకు ఏరుకోవడానికి వెళ్లి, ఏటి ఒడ్డున ఉన్న రాతిగుహలో తెల్లని వస్త్రాలు ధరించిన స్త్రీని చూశానని చెప్పింది. జూలై 16 వరకు 18 సార్లు ఆ దర్శనం కలిగిందనీ, పేరు అడిగినప్పుడు ఆమె తాను అమలోద్భవినని (జన్మపాపం లేకుండా ఉద్భవించినదాన్నని) ఆ ప్రాంతపు యాసలోనే పలికిందనీ ఆ బాలిక చెప్పిన మాటను, విచారణ జరిపిన మీదట 1862లో స్థానిక పీఠాధిపతి (బిషప్పు) అంగీకరించారు. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ లూర్దుమాత పేరిట క్షేత్రం వెలసినా అక్కడ ఒక గుహ ఉండటం ఆనవాయితీ అయింది. చాలాచోట్ల సిమెంటుతో గుహను కట్టుకోవలసి వచ్చింది. గుణదలకు ఆ అవసరం కలగలేదు. 1920ల మధ్యకాలంలో అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి అధిపతిగా ఉన్న మిషనరీ గురువు ఫాదర్ అర్లాటి, కొండరాళ్ల నడుమ సహజంగా ఏర్పడిన గుహలో మరియమాత స్వరూపాన్ని నిలిపారు. విజయవాడ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం, ఏర్పడింది 1937లో. అంటే మేత్రాసనం కంటే గుహలోని తల్లే ముందు వచ్చిందన్నమాట. నేటి దేవాలయం 1971లో అభిషేకం పొందింది.

వెళ్లినవెంటనే మెట్ల వైపు పరుగెత్తకుండా, ముందు దివ్యబలిపూజ (గుడిలో గురువు జరిపే ప్రధాన ఆరాధన) వేళ కనుక్కొని అందులో పాల్గొనడం సరైన క్రమం. పాపసంకీర్తనం చేయదలచిన, అంటే గురువు ఎదుట తమ పాపాలు ఒప్పుకోదలచిన, కతోలికులు పూజకు ముందే గురువును కలుసుకోవాలి. గుణదలకు హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు కనుక ఒక మాట చెప్పడం అవసరం: పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం, పంచిపెట్టే ప్రసాదం లాంటిది కాదు, సిద్ధపడిన కతోలికులు మాత్రమే స్వీకరించేది. తక్కినవారు తమ స్థానంలోనే మౌనంగా ప్రార్థించుకోవచ్చు; అందులో చిన్నతనమేమీ లేదు.

పూజ అయ్యాక గుహ దగ్గరికి వెళ్లి స్వరూపాన్ని తీరికగా చూడండి. తెల్లని అంగీ, నడుముకు నీలి పట్టీ, జోడించిన చేతులు: ఇవన్నీ బెర్నదెత్ వర్ణించిన గుర్తులే. లూర్దులో ఆ బాలిక మొదట చేసిన పని కూడా జేబులోని జపమాల తీయడమే, అందుచేత ఈ కొండకు జపమాల లేకుండా వెళ్లడం తాళంచెవి మరచి ఇంటికి వెళ్లడం వంటిది. పరలోక జపం పెద్దపూసకు, మంగళవార్త జపం చిన్నపూసకు చొప్పున చెప్పుకోవాలి. ఒక్కొక్క దేవరహస్యానికి (ఏసు, మరియమాతల జీవితంలోని ఒక ఘట్టానికి) పది చిన్నపూసలు. సోమ, శనివారాలలో సంతోష, మంగళ, శుక్రవారాలలో దుఃఖ, గురువారం వెలుగు, బుధ, ఆదివారాలలో మహిమ దేవరహస్యాలు ధ్యానించడం ఇప్పటి వాడుక. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అనే మంగళవార్త జపపు మాటలను మెట్టుకొక ముక్కగా పలుకుతూ ఎక్కితే ఆయాసం తెలియదని పెద్దవాళ్లు అంటారు. నా అనుభవంలో ఆయాసం తెలుస్తుంది గాని, మధ్యలో ఆగడానికి మాత్రం మనసు రాదు.

ఇక మొక్కుల సంగతి. తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయ కొట్టడం, కొవ్వొత్తి వెలిగించడం ఇక్కడ ముఖ్యమైనవి. మొదటి రెండూ ఐరోపా నుంచి వచ్చినవి కావు, మన నేల ఆచారాలే. మతం మారినా మొక్కుకునే తీరు మారలేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. వీటిని చూసి ముఖం చిట్లించే కతోలికులు లేకపోలేదు గాని, తల్లి దగ్గరికి బిడ్డ తనకు తెలిసిన పద్ధతిలోనే వస్తాడని నా అభిప్రాయం. తలనీలాలు ఇవ్వవలసినవారు ఆ పని ముందే ముగించుకొని, స్నానం చేసి, ఆ తరువాతే గుహకు వెళ్లడం పద్ధతి. కొబ్బరికాయకు పీచు ఇంటి దగ్గరే తీయించుకోండి. కొవ్వొత్తులను కేటాయించిన చోటనే నిలపాలి. తిరునాళ్లలో ఒకరి వేడికి మరొకరి కొవ్వొత్తి వంగి మైనం మెట్ల మీదికి కారుతుంది, దాని మీద వట్టి కాళ్లు ఇట్టే జారుతాయి.

మొక్కు చెల్లించి గుహ దగ్గరి నుంచే వెనుదిరిగేవారే ఎక్కువ. ఓపిక ఉంటే అక్కడ ఆగకూడదు. పైకి సాగితే కొండ కొన మీద ఇనుప సిలువ ఉంది. ఆ దారిలో సిలువమార్గపు 14 స్థలాలను, అంటే ఏసు శ్రమల ఘట్టాలను, ధ్యానిస్తూ, ప్రతి స్థలం దగ్గరా మోకరించి లేస్తూ వెళ్లడం ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, ముఖ్యంగా శుక్రవారాలలో, ఎంతో తగిన భక్తికార్యం. మోకరించలేనివారు నిలబడి తలవంచితే చాలును. పైకి చేరాక విజయవాడ అంతా కాళ్ల కింద పరచుకుని కనిపిస్తుంది.

దిగేటప్పుడు గుండు చేయించిన పిల్లల తలకు తడిపి పిండిన తువ్వాలు చుట్టండి. ఫిబ్రవరిలోనే బెజవాడ ఎండ పది దాటాక చురుక్కుమంటుంది, అప్పుడే గీసిన లేత తలకు అది అసలు తగలకూడదు.