కోర్టు నవల చదివాక "ఇది లా ప్రకారం తప్పు" అని రాసేముందు

క్రైమ్ నవల ఏది చదివినా మనవాళ్ళు రాసేది రెండే ముక్కలు, "అదిరింది, ఏకబిగిన చదివేశా" లేదంటే "అబ్బే, హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయింది". ఇంకా చదవనివాళ్ళకి గానీ రాసినాయనకి గానీ వీటితో ఒరిగేదేం లేదు. కాస్త పనికొచ్చేలా రాయాలంటే ఏం చెయ్యాలో చెప్తా.

చదువుతున్నప్పుడే ఎవరి మీద డౌట్ వచ్చిందో, ఏ పేజీలో వచ్చిందో పెన్సిల్‌తో మార్జిన్లో గీసుకోండి. పుస్తకం అయిపోయాక గుర్తు తెచ్చుకుందాం అంటే కుదరదు, చివర్లో తెలిసిన విషయం మొదటి నుంచీ మనకి తెలిసినట్టే అనిపిస్తుంది. గీతలు చూసుకుంటే రచయిత క్లూ మన కళ్ళముందే పెట్టి ఏమార్చాడా, లేక ఆఖరి చాప్టర్లో దుబాయ్ నుంచి మేనమామని దింపి ఆయనే హంతకుడని తేల్చేశాడా అన్నది బయటపడుతుంది. మొదటిది తెలివి, రెండోది మోసం, మీరు రాయాల్సిందీ అదే.

ఇక లా సంగతి. ముందు కథ ఏ సంవత్సరంలో, ఏ దేశంలో జరుగుతోందో చూడండి. 2024 జులై 1 నుంచి నేరాలకి శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, హత్యకి సెక్షన్ 302 బదులు 103 అయింది, అలాగని 2015లో జరిగిన హత్య కథలో 302 అని ఉంటే తప్పు పట్టకండి, పాత నేరాలకి పాత సెక్షనే. కోర్టులో జ్యూరీ (తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచిన బృందం) కనపడగానే "ఇది అమెరికా కాపీ" అనేస్తారు, కానీ 1959లో నేవీ ఆఫీసర్ నానావతి మీద నడిచిన హత్య కేసులో బొంబాయిలో జ్యూరీయే కూర్చుంది, 8-1తో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. కాబట్టి యాభైల నాటి బొంబాయి కథలో జ్యూరీ ఉంటే కరెక్టే. ఇప్పటి హైదరాబాద్ సెషన్స్ కోర్టు కథలో ఉంటే మాత్రం తప్పని రాయడానికి మొహమాటపడక్కర్లేదు.

నేను ఎక్కువగా చూసేది స్టేషన్ సీన్. ఎస్సై నాలుగు తగిలిస్తాడు, ముద్దాయి "నేనే చంపాను సార్" అని కాగితం మీద సంతకం పెడతాడు, తర్వాతి చాప్టర్లో జడ్జిగారు ఆ కాగితం చదివి యావజ్జీవం వేసేస్తారు. అది నడవదు, పోలీసుల ముందు ఒప్పుకున్న మాట ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోనూ అంతే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన చట్టంలోనూ అంతే. అయితే ఒక మెలిక ఉంది. ముద్దాయి "కత్తి పాడుబావిలో పారేశా" అని చెప్పి, దాన్నిబట్టి పోలీసులు వెళ్ళి తీస్తే, ఆ కత్తి దొరకడానికి కారణమైన ముక్క వరకు కోర్టు తీసుకుంటుంది. రచయిత ఇద్దరు పంచాయితీదార్లని, అంటే సాక్షులుగా పిలిచిన బయటివాళ్ళని, బావి దగ్గర నిలబెట్టి పంచనామా (ఏం దొరికిందో వాళ్ళ ముందు రాసే కాగితం) రాయించాడంటే పాపం హోంవర్క్ చేసినట్టే, ఆ మాట కూడా రాయండి, తప్పులు ఏరడానికి ఉన్న ఓపిక మెచ్చుకోవడానికి మనకెందుకో ఉండదు.

చివరి నిమిషంలో కొత్త సాక్షి వచ్చే సీన్‌ని కూడా "అసాధ్యం" అని కొట్టిపారెయ్యకండి. ఏ దశలోనైనా కోర్టు ఎవరినైనా సాక్షిగా పిలవచ్చు, కేసు ఎలా నడపాలో చెప్పే చట్టంలో ఉందిది, పాత సీఆర్పీసీలో సెక్షన్ 311, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 348. తలుపు తోసుకుని "ఆగండి!" అని నేరుగా బోనెక్కెయ్యడం మాత్రం సినిమా. జడ్జిగారి సుత్తి, భగవద్గీత మీద ప్రమాణం కూడా ఆ బాపతే, వాటి గురించి అందరూ రాసేశారు, వదిలెయ్యండి.

తప్పు దొరికితే దాన్ని మనసులో సరిదిద్ది కథ నిలబడుతుందో లేదో చూడండి. సెక్షన్ నంబర్ మారిస్తే ఏం కాదు, ఒక లైను చాలు. ఒప్పుకోలు కాగితం తీసేస్తే కేసే మిగలకపోతే అప్పుడు గట్టిగా రాయండి. ట్రయల్ నెలలో ముగిసిందని గొడవపడొద్దు, వాయిదాలన్నీ రాస్తే ఎవడు చదువుతాడు.

ట్విస్ట్ చెప్పకపోయినా "ఊహించని ట్విస్ట్ ఉంది" అన్నా సగం చెప్పేసినట్టే, దానికంటే "పదో చాప్టర్ దాకా మాట్లాడుతున్నా" అని ముందే పెట్టెయ్యండి.

నవల నిజం కేసు మీద రాసిందనిపిస్తే ఇంకో జాగ్రత్త. అత్యాచారం కేసైతే "ఇది ఫలానా ఊళ్ళో ఫలానా అమ్మాయి కథే" అని మీరు కనిపెట్టి రాశారనుకోండి, బాధితురాలు ఎవరో బయటపెట్టడం నేరం, బీఎన్ఎస్ 72 కింద రెండేళ్ళ దాకా జైలు. రచయిత పేర్లు మార్చి దాచింది కామెంట్లో మీరు విప్పకండి, వేరేవాళ్ళు "ఎవరండీ ఆమె" అని అడిగినా సరే.