నొప్పి – మనసు – కొలత (4వ పాఠం): ఆ పన్నెండు మార్కులు ఎక్కడివి?

ముందు గత పాఠం అభ్యాసం సంగతి తేల్చేద్దాం. నొప్పి ఎంత, దానివల్ల జీవితంలోని ఆనందానికి, రోజువారీ పనులకు ఆటంకం ఎంత అని 0 నుంచి 10 వరకు అంకెల్లో అడిగే పెగ్ స్కేలులోని మూడు ప్రశ్నలకు 8, 5, 9 అని జవాబిచ్చిన వ్యక్తి సగటు 7.3. లెక్క సులువే. అందులో చూడవలసింది మధ్యలో ఉన్న 5. నొప్పి 8 ఉంది, రోజువారీ పనులకు ఆటంకం 9 ఉంది, అయినా జీవితంలోని ఆనందానికి ఆటంకం 5 దగ్గరే ఆగింది. శరీరం కుంగినంతగా మనసు కుంగలేదన్నమాట. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. నొప్పి 4 మాత్రమే ఉండి, మనిషి పూర్తిగా డీలా పడిపోయి ఉండవచ్చు. నొప్పి అంకెను చూసి మనసును ఊహించలేం కాబట్టి మనసును విడిగా కొలవాలి. ఈ పాఠం నుంచి ఆ పని మొదలుపెడుతున్నాం.

ఫిజియోథెరపిస్టులు, నర్సులు, కౌన్సెలర్లు ఎవరైనా ఈ పని నేర్చుకోవచ్చు. అయితే స్కోరు రోగ నిర్ధారణ కాదు. ఎవరిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలో, ఎవరితో ఇంకాస్త మాట్లాడాలో తెలుసుకోవడానికే అది పనికొస్తుంది.

పరికరం

మనం వాడబోయేది కుంగుబాటు (డిప్రెషన్) లక్షణాలను కొలిచే ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9. అమెరికాలో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ రూపొందించి 2001లో ప్రచురించారు. వాడుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రుసుము లేదు. తెలుగు రూపం కూడా ఉంది, దాన్నే వాడండి. ఇంగ్లిషు కాగితం ముందు పెట్టుకుని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేస్తే ఒక్కో రోగికి ఒక్కో ప్రశ్న వేసినట్టవుతుంది. అప్పుడు ఇద్దరి స్కోర్లను పోల్చడానికి వీలుండదు.

గత రెండు వారాల్లో తొమ్మిది ఇబ్బందులు ఎన్ని రోజులు ఉన్నాయో ఇది అడుగుతుంది. వరుసగా: (1) దేనిమీదా ఆసక్తి, ఆనందం లేకపోవడం, (2) దిగులు, నిరాశ, (3) నిద్ర ఇబ్బంది, (4) అలసట, (5) ఆకలిలో మార్పు, (6) తనను తాను తక్కువగా అనుకోవడం, (7) ఏకాగ్రత కుదరకపోవడం, (8) కదలికలు, మాట నెమ్మదించడం లేదా కుదురు లేకపోవడం, (9) చనిపోతే మేలన్న లేదా తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగం కంటే ఎక్కువ రోజులు ఉంటే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3. మొత్తం 27. 5 నుంచి తేలికపాటి, 10 నుంచి ఒక మోస్తరు, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం అని చదువుతారు. ఎక్కువమంది గుర్తుపెట్టుకునే గీత 10.

ఆ గీతను పరీక్షించిన అధ్యయనం జరిగింది సాధారణ వైద్యానికీ, స్త్రీల వైద్యానికీ క్లినిక్కులకు వచ్చిన 6,000 మంది మీద. నడుం నొప్పితో ఏళ్ల తరబడి తిరుగుతున్నవారిని ప్రత్యేకంగా ఎంచుకుని గీసిన గీత కాదు. మన చిక్కు అక్కడే ఉంది. పై తొమ్మిదింటిలో నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత, కదలిక అనే అయిదూ నొప్పి ఒక్కటే ఉన్నా తెచ్చిపెట్టగలిగినవి. మనసులో ఏ దిగులూ లేని మనిషి కూడా, మోకాలి నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేక 10 దాటేయవచ్చు.

అడిగే పద్ధతి

మొదటి జాగ్రత్త: మనసు గురించి అడుగుతున్నారంటే తన నొప్పి ఉత్తదని అనుమానిస్తున్నారేమో అని రోగి భయపడతారు. తిరిగిన ఆస్పత్రుల్లో ఎక్కడో ఒకచోట "నీకేమీ లేదు, అంతా భ్రమ" అనిపించుకుని వచ్చినవారే చాలామంది. అందుకని కాగితం తీయకముందే చెప్పండి: "మీ నొప్పి నిజమే. ఇన్నాళ్లు నొప్పి పడితే ఎవరి మనసైనా అలసిపోతుంది. ఎంత అలసిందో తెలిస్తే వైద్యం సరిగా కుదురుతుంది." ఈ నాలుగు మాటలు చెప్పకుండా మొదలుపెడితే వరుసగా తొమ్మిది సున్నాలు వస్తాయి.

రెండోది, రెండు వారాలు అన్న హద్దు. ఊళ్లో పెద్దవాళ్లకు తేదీల కంటే తిథులు బాగా గుర్తుంటాయి. పున్నమి నుంచి అమావాస్య దాకా అంటే పక్షం రోజులు, ఇంచుమించు అదే లెక్క. లేదా రెండు సంతల వెనక్కి తీసుకెళ్లండి. హద్దు చెప్పకపోతే పదేళ్ల కష్టమంతా ఆ కాగితం మీదికి వస్తుంది.

మూడోది, ఎన్ని రోజులని అడుగుతుంటే ఎంత బాధ అన్నదానికి జవాబు రావడం. "నిద్ర పట్టడం లేదా?" అంటే "అబ్బో, చెప్పలేనంత" అంటారు. అది 3 కాదు, ఇంకా ఏ అంకే కాదు. "పక్షం రోజుల్లో ఎన్ని రాత్రులు అలా గడిచాయి?" అని మళ్లీ అడగాలి. నాలుగు రాత్రులే అయితే 1. చెప్పలేనంత బాధ నాలుగు రాత్రులే ఉండవచ్చు.

పక్కన కూర్చున్నవారు జవాబు చెప్పడం మన దగ్గర తప్పని తలనొప్పి. భార్యను అడిగితే భర్త, అత్తను అడిగితే కోడలు చెబుతారు. మర్యాదగానే బయట కూర్చోమనండి. తొమ్మిదో ప్రశ్న కోసమైనా ఇది తప్పనిసరి.

లేక, చేయలేక

అన్నిటికంటే జాగ్రత్తగా అడగవలసింది మొదటి ప్రశ్న, ఆసక్తి గురించినది. నొప్పి ఉన్నవారు దీనికి సులువుగా 3 చెప్పేస్తారు, ఎందుకంటే నిజంగానే పనులన్నీ మానేసి ఉంటారు. చేయలేక మానేశారా, చేయాలని లేక మానేశారా అన్నది విడదీయాలి.

ఉదాహరణకు నడుం నొప్పితో ఉన్న ఒక పెద్దావిడ వాకిట్లో ముగ్గు వేయడం మానేశారనుకోండి. "ముగ్గు మానేశారేమమ్మా?" అంటే జవాబు ఇలా రావచ్చు: "వంగలేకపోతున్నానమ్మా. మా కోడలు వేస్తుంటే అరుగు మీద కూర్చుని చుక్కలు లెక్క చెబుతుంటాను. ఒక్క చుక్క తప్పినా ఊరుకోను." లేదా ఇలా: "ముగ్గుదేముందమ్మా. వేస్తే ఎంత, వేయకపోతే ఎంత." ఇద్దరి వాకిళ్లలోనూ ఆవిడ చేతి ముగ్గు లేదు. మొదటావిడకు ఈ ప్రశ్నలో 0 పడవచ్చు. రెండో ఆవిడను మాత్రం అక్కడితో వదలకూడదు. మనవడు వస్తే సంతోషంగా ఉంటుందా, ఇష్టమైన సీరియల్ చూస్తున్నారా, పండగకు ఏదైనా కొనుక్కోవాలని ఉందా అని ఒళ్లు కదలనక్కర్లేని సంతోషాల గురించి అడగండి. అవి కూడా చప్పబడి ఉంటే ఆ 3 నిజమైన 3.

రెండు కాగితాలు

ఇప్పుడు అసలు నైపుణ్యం. అభ్యాసం కోసం కల్పించిన రెండు కాగితాలు ఇవి. అంకెలు ప్రశ్నల వరుసలోనే ఉన్నాయి.

మోకాళ్లు అరిగిన 58 ఏళ్ల మహిళ: 1, 1, 3, 3, 1, 0, 1, 2, 0. మొత్తం 12.

నడుం నొప్పితో ఉన్న 41 ఏళ్ల ఆటో డ్రైవరు: 3, 3, 1, 1, 0, 2, 1, 0, 1. మొత్తం 12.

చాలా క్లినిక్కుల్లో మొత్తాన్ని ఎర్ర సిరాతో చుట్టి కాగితాన్ని ఫైలుకు గుచ్చేస్తారు. ఇద్దరికీ "ఒక మోస్తరు" అని పడుతుంది. నాకు ఈ ఎర్ర సున్నా అంటే గిట్టదు. పదో తరగతి మెమో చేతికొస్తే మొత్తం చూసి ఊరుకుంటామా? ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో చూడనిదే మెమో చదివినట్టు కాదు.

మొదటి కాగితంలో 12లో 10 మార్కులు ఆ అయిదు శారీరక ప్రశ్నల నుంచే వచ్చాయి. మనసుకు సంబంధించిన నాలుగు ప్రశ్నలకు, అంటే 1, 2, 6, 9కి, కలిపి వచ్చింది 2. రెండో కాగితంలో ఆ నాలుగింటికే 9 వచ్చాయి, శారీరక ప్రశ్నలకు 3 మాత్రమే. మొదటావిడకు ముందుగా రాత్రి నొప్పిని, నిద్రను సరిచేసే ఏర్పాటు కావాలి. రెండో వ్యక్తి ఈరోజే మానసిక వైద్యుల దృష్టికి వెళ్లాలి.

కుంగుబాటు వ్యాధిని అనుమానించడానికి పీహెచ్‌క్యూ-9 తయారుచేసినవారు చెప్పిన ఇంకో లెక్క కూడా ఉంది. కనీసం అయిదు ప్రశ్నలకు 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి. తొమ్మిదో ప్రశ్నకు మాత్రం 1 వచ్చినా లెక్కలోకి తీసుకుంటారు. ఆ అయిదింటిలో మొదటిది గానీ రెండోది గానీ తప్పక ఉండాలి. మొత్తం చూసే పద్ధతి కంటే నొప్పి రోగుల్లో ఇది ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఆసక్తి, దిగులు రెండూ లేకుండా ఒళ్లు అలసట ఒక్కటే ఈ గడప దాటలేదు.

అలాగని శారీరక ప్రశ్నలను కొట్టిపారేయకండి. నొప్పి క్లినిక్కుల్లో పనిచేసేవారికి త్వరగా అబ్బే అలవాటు ఒకటుంది: ఏ లక్షణం కనిపించినా "అది నొప్పి వల్లే" అనేయడం. కుంగుబాటు కూడా నిద్రను చెడగొడుతుంది, అలసట తెస్తుంది. పైగా నిద్రలేమి మర్నాటి నొప్పిని పెంచుతుంది, ఆ నొప్పి మళ్లీ దిగులును పెంచుతుంది. కాబట్టి ఆ అయిదు ప్రశ్నలను మొత్తంలో ఉంచండి, పక్కన "శ" అని రాసి విడిగా కూడా కూడండి. కారణం తేల్చడానికి ఒక చిన్న ప్రశ్న సాయపడుతుంది: "నొప్పి తక్కువగా ఉన్న రాత్రి నిద్ర పడుతుందా?" పడుతుందంటే ఒక దారి. నొప్పి లేని రాత్రి కూడా మూడింటికే మెలకువ వచ్చి ఆలోచనలు తిరుగుతుంటే ఇంకో దారి.

మందుల చీటీ కూడా చూడండి. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ మగత, అలసట తేగలవు. అప్పుడు నాలుగో ప్రశ్నకు వచ్చిన 3 మందు బిళ్లది కావచ్చు. ఇంకొకటి: అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు కనిపించగానే "కుంగుబాటుకు వైద్యం జరుగుతోంది" అని రాసేయకండి. అంత తక్కువ మోతాదును సాధారణంగా నరాల నొప్పికీ, నిద్రకూ ఇస్తారు.

తొమ్మిదో ప్రశ్న

"ఈ నొప్పితో బతికే కంటే పోవడమే మేలు" అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. మాటవరసకు అన్నారని 0 వేయకూడదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు, అడగడం వల్ల అలా జరగదు. 1 వచ్చినా, మొత్తం ఎంత తక్కువైనా, పెన్ను పక్కన పెట్టి సూటిగా, మెల్లగా అడగండి: చనిపోతే బాగుండునని అనిపించడమేనా, చేసుకోవాలన్న ఆలోచన ఉందా? ఎలా అన్నది ఎప్పుడైనా అనుకున్నారా? ఇంట్లో పురుగుమందు ఉందా? వాడని నొప్పి మాత్రలు ఎన్ని పోగై ఉన్నాయి? వ్యవసాయం చేసే ఇంట్లో ఈ చివరి రెండింటికి జవాబు తెలియకుండా రోగిని పంపకూడదు.

చేసుకోవాలన్న ఉద్దేశమో, పద్ధతో ఉందని తెలిస్తే ఒంటరిగా వదలకండి. డాక్టరును పిలవండి, రోగితో మాట్లాడి ఇంటివారిలో ఒకరికి చెప్పండి, మందులు, పురుగుమందు వేరొకరి అధీనంలోకి వెళ్లేలా చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. అన్ని వేళలా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు కాగితం మీద రాసి ఇవ్వడంతో సరిపెట్టకుండా, మీ ముందే ఫోను చేయించండి.

మళ్లీ కొలిచినప్పుడు

ఒకే కొలతతో కథ తెలియదు. తిరిగి వచ్చినప్పుడు అదే భాషలో, అదే పద్ధతిలో అడగండి. మొదటిసారి మీరు చదివి వినిపించి, రెండోసారి రోగిని సొంతంగా నింపమంటే తేడా ఎందుకు వచ్చిందో తేల్చలేరు. ప్రతిసారీ ఆరోజు నొప్పి అంకెను పక్కన రాయండి. నొప్పి విజృంభించిన రోజున గడిచిన రెండు వారాలూ చీకటిగానే కనిపిస్తాయి. మొత్తం 5 మార్కులు మారితే దాన్ని వైద్యపరంగా లెక్కలోకి తీసుకోవాల్సిన మార్పుగా చూస్తారు. ఒకటి రెండు మార్కుల తేడాకు రోగిని అభినందించనూ వద్దు, బెంగపడనూ వద్దు. అయితే మొత్తం కదలకపోయినా లోపల వరుసలు మారిపోయి ఉండవచ్చు. ఈ వారం అభ్యాసం దాని మీదే.

అభ్యాసం

షుగరు వల్ల పాదాలు మండుతున్న 63 ఏళ్ల విశ్రాంత ఉద్యోగి. కల్పితమే. మొదటిసారి వచ్చినప్పుడు నొప్పి 8, కాగితం 2, 1, 3, 2, 2, 0, 0, 1, 0. మొత్తం 11. ప్రీగాబలిన్ మొదలుపెట్టారు. ఆరు వారాల తర్వాత నొప్పి 5, కాగితం 3, 2, 1, 1, 1, 1, 0, 1, 0. మొత్తం 10. "నొప్పి తగ్గింది, స్కోరు కూడా ఒకటి తగ్గింది, బాగుంది" అని ఫైలులో రాసి ఉంది.

"శ" మొత్తాన్ని, మనసు మొత్తాన్ని రెండు సార్లకూ విడివిడిగా కూడండి. ఫైలులోని వాక్యాన్ని కొట్టేసి, దాని చోట మీ వాక్యాలు రెండు రాయండి. ఆయనను ఒళ్లు కదలనక్కర్లేని సంతోషాల గురించి అడగడానికి మూడు ప్రశ్నలు తయారుచేసుకోండి. ఆయన రోజూ పార్కులో మిత్రులతో నడిచేవారని, ఇప్పుడు పాదాల మంట తగ్గినా వెళ్లడం లేదని గుర్తుంచుకోండి.

జవాబు వచ్చే పాఠంలో. శారీరక జబ్బుతో ఆస్పత్రికి వచ్చేవారి కోసమే జిగ్మండ్, స్నెయిత్ 1983లో తయారుచేసిన, ఆందోళననూ కుంగుబాటునూ కొలిచే 14 ప్రశ్నల హాడ్స్ స్కేలును కూడా అందులో చూద్దాం. నిద్ర, అలసట వంటివాటిని వాళ్లు దానిలోంచి కావాలనే తీసేశారు.