గుడ్లు నిల్వ ఉండాలంటే ముందు గూడు చూసుకోండి

గుడ్లు ఎన్నాళ్ళు నిల్వ ఉంటాయని ఎవరైనా అడిగితే, మీ పెట్టలు రాత్రిపూట ఎక్కడ పడుకుంటున్నాయని నేను తిరిగి అడుగుతాను. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేనట్టు ఉంటుంది గానీ, పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళు ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టే పని నిజానికి గూటి దగ్గర మొదలవ్వాలి. రెట్ట అంటని గుడ్డుని కడగక్కర్లేదు, కడగని గుడ్డు చాలా రోజులు ఆగుతుంది. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా సింకు దగ్గర నిలబడి గుడ్లు తోముతూనే ఉన్నా.

కోళ్ళు తెచ్చేముందు మీరుండే చోట పెంచుకోనిస్తారో లేదో కనుక్కోండి, పక్కింటివాళ్ళకీ ఓ మాట వెయ్యండి. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని చాలామంది అనుకుంటారు. పెడుతుంది. పుంజు కావాల్సింది పిల్లలు కావాలనుకుంటేనే. పుంజు లేకపోతే తెల్లవారుజామున కూతలతో గొడవలూ ఉండవు. ఇక ఎన్ని పెంచాలంటే, కోడి ఒంటరిగా ఉండలేదు కాబట్టి కనీసం మూడు. ఒక గుడ్డు లోపల తయారవ్వడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అంటే బాగా పెట్టే పెట్ట కూడా మధ్యమధ్యలో ఒకరోజు ఖాళీ ఇస్తుంది. నలుగురున్న ఇంటికి నాలుగైదు పెట్టలు చాలు. నేను మొదటిసారే ఎనిమిది తెచ్చి, గుడ్లు ఎవరికి పంచాలా అని వెతుక్కున్నా.

పిల్లలతో మొదలుపెడితే మొదటి వారం వాటి దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ కంటే పిల్లల్నే చూడటం మేలు: బల్బు కింద కుప్పగా చేరితే చలేస్తోందని, బల్బుకి దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైందని. కొత్తవాళ్ళకి నా సలహా అడిగితే, నాలుగు నెలలు దాటిన పెట్టల్నే తెచ్చుకోండి, ఈ టెన్షన్ ఉండదు.

గూటి లెక్క ఇదీ. లోపల కోడికి 4 చదరపు అడుగులు, బయట తిరగడానికి ఇంకో 10. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి. చీకటి పడేసరికి కోళ్ళు పైకెక్కి కూర్చుంటాయి, అదీ గూట్లో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట. అందుకని అవి పడుకునే అడ్డకర్ర, గుడ్లు పెట్టే పెట్టెల కంటే ఎత్తులో ఉండాలి. నేను తప్పు చేసింది ఇక్కడే. రెండూ ఒకే ఎత్తులో పెట్టాను, అవి హాయిగా పెట్టెల్లో పడుకుని తెల్లారేసరికి రెట్టతో నింపేసి, మళ్ళీ అందులోనే గుడ్డు పెట్టేవి. కర్రని ఒక అడుగు పైకి జరిపాక వారం తిరక్కుండానే శుభ్రమైన గుడ్లు రావడం మొదలైంది. కోడికి 8 నుంచి 10 అంగుళాల కర్ర సరిపోతుంది. సన్నటి గొట్టం వద్దు, పాదం ఆనేలా వెడల్పుగా, అంచులు నునుపుగా ఉన్న కర్ర వెయ్యండి. కోడి నిద్రలో కూడా రెట్ట వేస్తుంది కాబట్టి కర్ర కింద ఒక రేకు పరిస్తే పొద్దున్నే గీకి తీసేయొచ్చు.

గుడ్ల పెట్టె ఎటు చూసినా ఒక అడుగు ఉంటే చాలు, నాలుగైదు పెట్టలకి ఒకటి. మూడు పెట్టెలు పెట్టినా అన్నీ ఒకదాని ముందే క్యూ కడతాయి, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి, ఎందుకో వాటికే తెలియాలి. పెట్టె కాస్త చీకటిగా, మూలగా ఉండాలి. లోపల ఎండుగడ్డి మందంగా పరిచి, మాసినా తడిసినా ఆరోజే మార్చెయ్యండి. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టకి చోటు తెలీక ఎక్కడపడితే అక్కడ పెడుతుంటే, పెట్టెలో ఒక చెక్క గుడ్డో పింగాణీ గుడ్డో ఉంచండి, చూసి నేర్చుకుంటుంది. నేల మీద ఊకో రంపపు పొట్టో నాలుగైదు అంగుళాల మందాన వేసుకోవాలి. గూట్లో తల పెడితే కళ్ళు మండాయంటే తడి ఎక్కువైనట్టు, గాలి చాలనట్టు. గాలి కన్నాలు కోళ్ళ తలల కంటే పైన ఉంటే ఈదురుగాలి నేరుగా కొట్టదు. తీసేసిన చెత్తని అలాగే మొక్కలకి వెయ్యకండి, వేళ్ళు మాడిపోతాయి. కొన్ని నెలలు కుళ్ళనిస్తే మంచి ఎరువు.

ఇక వల. కోళ్ళ వల అని అమ్మే ఆరు మూలల తీగ వల కోడిని బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్కని లోపలికి రాకుండా ఆపలేదు. అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేయించి, ఒక అడుగు మేర నేలలోకి దించండి. పాములు, ఎలుకలు, ముంగిసలు గుడ్ల కోసమే వస్తాయి కాబట్టి ఇది గుడ్ల లెక్కలోకీ వస్తుంది. సాయంత్రం తలుపు వేయడం ఒక్కరోజు కూడా మర్చిపోకండి.

తిండి విషయంలో పెద్ద ప్రయోగాలు అక్కర్లేదు. గుడ్డు పెట్టే కోడికి లేయర్ దాణా పెట్టండి, అందులో ప్రొటీన్ 16 శాతం దాకా, కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఒక్కో కోడి రోజుకి 100 నుంచి 120 గ్రాములు తింటుంది. గుడ్డుకి రాని పిల్లలకి మాత్రం ఈ దాణా పెట్టకూడదు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలని పాడుచేస్తుంది. ఒక పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, దాణాలో చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసిస్తుంది. అందుకే ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచండి, కావాల్సిన కోడి కావాల్సినంత తింటుంది, దాణాలో కలిపేయకండి. కోడికి పళ్ళుండవు, గింజలు కందనకాయలో నలగాలి కాబట్టి సన్న రాళ్ళు కూడా అందుబాటులో ఉండాలి. వంటింట్లో మిగిలినవి కొంచెంగా పెట్టొచ్చు, కానీ అవకాడో, చాక్లెట్, ఉడకని రాజ్మా, బూజు పట్టినదేదీ వద్దు. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఎండలో కొన్ని గంటలు నీళ్ళు లేకపోయినా గుడ్లు ఆగిపోవచ్చు.

అయిదారు నెలలకి మొదటి గుడ్డు వస్తుంది. చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి పెంకు లేకుండా తోలుగుడ్డు పడుతుంది, కంగారు పడకండి. అదే పని ఏడాది వయసు కోడి పదేపదే చేస్తుంటే కాల్షియం చూసుకోవాలి. ఎండాకాలంలో పెంకు పల్చబడటం మామూలే, కోడి రొప్పేటప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, పెంకు తయారవ్వడానికి అది కావాలి. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురుంటేనే బాగా పెడతాయి, పగలు తగ్గే నెలల్లో గుడ్లు తగ్గుతాయి. ఈకలు రాల్చే రోజుల్లో పూర్తిగా మానేస్తాయి, అప్పుడు వాటిని తిట్టుకోకుండా మంచి దాణా పెట్టండి.

జబ్బుల గురించి నేను చెప్పేది తక్కువ, పశువైద్యుణ్ణి అడగాల్సింది ఎక్కువ. కొక్కెర తెగులుకీ, కోడి మశూచికీ టీకాలున్నాయి, తప్పక వేయించండి. నల్లులు కొన్ని పగలు కర్ర సందుల్లో దాక్కుని రాత్రి కోళ్ళ మీదికి ఎక్కుతాయి కాబట్టి టార్చి పట్టుకుని రాత్రే వెతకాలి. పొర్లడానికి పొడి మట్టి గుంట ఉంటే కోళ్ళు ఒంటిమీది పేలని చాలావరకు అవే వదిలించుకుంటాయి. మందు వాడితే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి, అన్ని రోజులూ పారేయండి. ఒకేసారి కొన్ని కోళ్ళు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్య శాఖకి తెలియజేయండి. కోళ్ళని, గుడ్లని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీను.

గుడ్లు రోజుకి రెండుసార్లు తియ్యండి, ఎండగా ఉంటే మూడుసార్లు. పెట్టెలో గుడ్లు పోగుపడితే పగులుతాయి, పగిలినదాన్ని ఒక కోడి రుచి చూస్తే అదే అలవాటవుతుంది, ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం. పోగైన గుడ్లు చూస్తే పెట్టకి పొదగాలని కూడా బుద్ధి పుడుతుంది. పొదుగుకొచ్చిన పెట్ట పెట్టెలోంచి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తుంది, 21 రోజుల దాకా మొండిగా కూర్చుంటుంది, అన్నాళ్ళూ గుడ్డు పెట్టదు. పిల్లలు వద్దనుకుంటే కింది నుంచి గాలాడే బోనులో మూడు నాలుగు రోజులు ఉంచండి, తిండీ నీళ్ళూ ఇస్తూనే.

ఇప్పుడు నిల్వ సంగతి. గుడ్డు పెంకు నిండా కంటికి కనపడని వేల సూక్ష్మ రంధ్రాలుంటాయి. గుడ్డు బయటికొచ్చేటప్పుడు దానిమీద ఒక తడి పూత ఉంటుంది, క్షణాల్లో ఆరిపోయి ఆ రంధ్రాలని మూసేస్తుంది. మనం కడిగేది దాన్నే. కాబట్టి శుభ్రమైన గుడ్డుని కడగకండి, కొద్దిగా అంటిన మరకుంటే పొడి గుడ్డతో రుద్దండి. రెట్ట బాగా అంటుకుంటే కడగక తప్పదు, అప్పుడు నీళ్ళు గుడ్డు కంటే వెచ్చగా ఉండాలి. చన్నీళ్ళలో వేస్తే లోపలి పదార్థం ముడుచుకుని, బయటి మురికినీ సూక్ష్మక్రిములనీ రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది. నానబెట్టకుండా, పారే గోరువెచ్చటి నీళ్ళ కింద కడిగి తుడిచి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టి, ముందు వాటినే వాడెయ్యండి. చీలిక కనిపిస్తే నిల్వ పెట్టకండి.

కడగని గుడ్డు చల్లటి గదిలో రెండు వారాలు బాగుంటుంది. గది వేడిగా ఉంటే ఆ లెక్క మర్చిపోయి ఫ్రిజ్‌లో పెట్టండి, పుంజు ఉన్న ఇంట్లో ఇంకా త్వరగా, ఎందుకంటే బాగా వేడిగా ఉంటే పొదగకపోయినా లోపల పిండం కొద్దిగా ఎదగడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర నెల పైన ఆగుతాయి. రెండు నెలలవి కూడా తిన్నవాళ్ళున్నారు గానీ నేను అయిదారు వారాల్లో అయ్యేలా చూసుకుంటా. కంపెనీలవాళ్ళు తలుపులో గుడ్ల అర ఎందుకు పెడతారో తెలీదు, తీసి వేసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. లోపలి అరలో, మూత ఉన్న డబ్బాలో, సన్న కొస కిందికి వచ్చేలా పెట్టండి, వెడల్పు వైపున గాలి గది ఉంటుంది, అది పైన ఉంటే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది. పెన్సిల్‌తో తేదీ రాసుకోండి. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని బయట వదిలెయ్యకండి, పెంకు మీద చెమ్మ పడుతుంది, ఆ తడే క్రిములకి దారి.

నీళ్ళలో వేసి చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. తాజాది అడుగున పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది, ఎందుకంటే నీరు ఆవిరై గాలి గది పెరుగుతుంది. కానీ అది చెప్పేది వయసే, లోపల సాల్మొనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉందో లేదో చెప్పదు. అనుమానం ఉన్న గుడ్డుని వేరే గిన్నెలో కొట్టి వాసన చూడండి, మురిగితే ముక్కుకే తెలుస్తుంది. ఏ గుడ్డయినా బాగా ఉడికించి తినండి. పచ్చసొన మీద చిన్న రక్తపు చుక్క ఉంటే అది పిల్ల కాదు, చిన్న రక్తనాళం చిట్లిందంతే, తీసేసి వండుకోవచ్చు.

గుడ్లు మరీ ఎక్కువైతే ఫ్రీజర్‌లో పెట్టండి. పెంకుతో పెడితే పగిలిపోతుంది. కొట్టి, కలిపి, చిటికెడు ఉప్పో పంచదారో వేస్తే పచ్చసొన జిగురుగా గడ్డకట్టదు. డబ్బా మీద ఎన్ని గుడ్లో, ఉప్పా పంచదారా అన్నది రాయండి. నేను రాయక ఒకసారి ఉప్పేసినదాంతో కేకు చేశా. సున్నపు నీళ్ళలో నెలల తరబడి ఉంచే పాత పద్ధతి ఒకటుంది, ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి ఆ రిస్కు అనవసరం అనిపిస్తుంది నాకు.

చివరగా, ఉడకబెట్టడానికి ఈరోజు గుడ్డు తియ్యకండి, పెంకుతోపాటు తెల్లసొన ఊడొస్తుంది. వారం పదిరోజులవి తీస్తే, ఈలోపు కార్బన్ డయాక్సైడ్ కొంత బయటికి పోయి ఉంటుంది కాబట్టి సులువుగా ఒలుచుకోవచ్చు. ఉడికినవి ఫ్రిజ్‌లో వారమే.