పాత కన్వర్టిబుల్ కొని రోజూ నడపాలంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఆల్ఫా రోమియో స్పైడర్, ఫియట్ 124 స్పైడర్, మొదటి తరం మజ్డా ఎంఎక్స్-5. టాప్ తీసి తిరిగే రెండు సీట్ల పాత బండి కావాలనుకునేవాళ్ల నోట తరచూ వినిపించే పేర్లివే. ఆదివారం ఎండ చూసుకుని బయటికి తీసేవాళ్లకి వీటిలో ఏదైనా పర్వాలేదు. వానలో, ట్రాఫిక్‌లో, ఆఫీసుకి టైమవుతున్నప్పుడు కూడా అదే బండి తీయాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు ఇంజిన్ కన్నా ముందు బాడీ చూడాలి. ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్ ఎంత పాడైనా విప్పి బాగు చేసుకోవచ్చు. లోపల కుళ్లిన బాడీని బాగు చేయించే ఖర్చు చాలాసార్లు బండి విలువను దాటేస్తుంది. కాబట్టి కింద చెప్పిన లక్షణాల్లో కొన్నింటికి పరిష్కారం స్పానర్, కొన్నింటికి ఆ బండి వదిలేసి ఇంకొకటి వెతుక్కోవడం.

తలుపు సందులు పైనొకలా, కిందొకలా ఉన్నాయి

అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక ఇదే. మూత కత్తిరించేసిన అట్టపెట్టెను మెలితిప్పితే ఎంత తేలిగ్గా వంగుతుందో, కప్పు లేని కారుదీ అదే పరిస్థితి. బలమంతా నేల రేకులోనూ, తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా సాగే సిల్స్‌లోనూ ఉంటుంది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. పైకి కనిపించే సిల్ వెనక ఇంకా రేకులుంటాయి, తుప్పు ముందు లోపలే మొదలవుతుంది. స్పిట్‌ఫైర్‌కి విడి ఛాసిస్ ఉంది కదా అని ధీమా పడకండి, దాంట్లో కూడా సిల్స్ బరువు మోస్తాయి.

ఎలా పట్టుకోవాలి? పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరపండి. అంటుకోని చోట పెయింట్ కింద పుట్టీ ఉందని అర్థం. తర్వాత టాప్ దించి, ఒక పక్క జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తమనండి. ఎత్తకముందూ, ఎత్తాకా తలుపు తెరిచి మూయండి. కన్వర్టిబుల్ కాబట్టి కాస్త తేడా సహజం. తలుపు పట్టేసినా, పై సందు మూసుకుపోయినా బాడీ నడుము వంగుతోందన్నమాట. అమ్మే మనిషి జాకీ పెట్టనివ్వకపోతే, మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

పరిష్కారం చిన్న పని కాదు. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డ్ చేసి బాడీ కదలకుండా బిగించాకే పాత సిల్ కోయాలి. ఆ కడ్డీలు లేకుండా కోస్తే బాడీ ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది, తర్వాత తలుపు ఎన్నిసార్లు సరిచేసినా కుదరదు. పాత రేకు మీదే కొత్త రేకు అతికించి మెరిసేలా పెయింట్ కొట్టిన బండ్లు బోలెడు తిరుగుతున్నాయి. కొత్త పెయింట్ వేసిన బండి కన్నా, రంగు వెలిసినా అడుగు భాగం నిజాయితీగా కనిపించే బండినే నేను నమ్ముతాను. పని చేసి ఉంటే మధ్యలో తీసిన ఫొటోలు అడగండి. మనసు మరీ పడిపోయిందనుకుంటే ఎంజీబీకి ఒక దారుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీ షెల్స్ తయారు చేస్తోంది. అంత ఖర్చు పెట్టే ఓపికుంటేనే ఆ మాట.

కార్పెట్ తడిగా ఉంది

వాన నీళ్లేనని అమ్మేవాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు. ముందు ముట్టుకుని, వాసన చూడండి. జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), హీటర్ లోపలి రేడియేటరో దాని పైపో కారుతోంది. పెడల్స్ దగ్గర మాత్రమే నూనెలా ఉంటే బ్రేక్ లేదా క్లచ్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే భాగం) సీలు పోయింది. మామూలు నీళ్లయితేనే టాప్ సంగతి చూడాలి.

మొదటి తరం ఎంఎక్స్-5లో టాప్ మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక ఉన్న రెండు గొట్టాల గుండా కిందికి పోతాయి. ఆకులు, దుమ్ము పేరుకుని అవి మూసుకుపోతే నీళ్లు కొంత లోపలికి, కొంత సిల్స్‌లోకి దారి చేసుకుంటాయి. ఆ బండ్లలో వెనక చక్రానికి కాస్త ముందు సిల్ చివర తుప్పు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం. మెత్తటి ప్లాస్టిక్ తీగ పెట్టి గొట్టాలు శుభ్రం చేయండి. ఇనప ఊచతో పొడిస్తే గొట్టం చిల్లు పడి సమస్య రెట్టింపవుతుంది. మిగతా మోడళ్లలో ముందు అద్దం ఫ్రేమ్ పైన రబ్బరు సీలు, తలుపు గ్లాసు కోణం చూడాలి. కొనేముందు పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపల కూర్చుని చూస్తే అన్నీ తెలిసిపోతాయి. కార్పెట్ ఎత్తి కింద రేకు చూడటం మాత్రం మర్చిపోవద్దు.

సైలెన్సర్ నుంచి పొగ

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తొక్కగానే ఒక్కసారి వస్తే హెడ్‌లో (ఇంజిన్ పై భాగంలో) వాల్వ్ గైడ్స్, సీల్స్ అరిగాయి. తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. మొదటిది హెడ్ విప్పితే తీరిపోతుంది, రెండోదానికి ఇంజిన్ మొత్తం విప్పాలి. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువ పోవడం, కార్బురేటర్ (పెట్రోల్‌నూ గాలినీ కలిపే భాగం) ట్యూనింగ్‌తో సరి. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య సీలు) పోయిందని అనుమానించాలి. చల్లటి పొద్దున రెండు నిమిషాలు వచ్చే ఆవిరికి టెన్షన్ అక్కర్లేదు.

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడి మీద ఆపితే మళ్లీ అందుకోదు

రోజూ వాడేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. పెట్రోల్ బంకులో ఆపి, పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

రెండు కారణాలుంటాయి, వాటిని విడదీయడం తేలికే. బండి మొరాయిస్తున్నప్పుడే ఒక స్పేర్ ప్లగ్గును ప్లగ్గు వైరుకు తగిలించి, ప్లగ్గు ఒంటిని పెట్రోల్ పైపులకు దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి, రబ్బరు పట్టుతో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. నిప్పురవ్వ బలహీనంగా ఉన్నా, లేకపోయినా ఇగ్నిషన్ కాయిల్ లేదా డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు కరెంటు పంచే భాగంలో) కండెన్సర్ వేడికి చేతులెత్తేస్తోంది. కొత్త కండెన్సర్లలో కూడా నాసిరకం సరుకు ఎక్కువే. అందుకే రోజూ తిరిగే బండికి పాయింట్లు (కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చు), కండెన్సర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడం మంచిదంటాను. పైకి కనపడదు, పాతదనం పోదు. పాత పాయింట్ల సెట్‌ను డిక్కీలో దాచుకుంటే దారిలో అదే ఆదుకుంటుంది.

నిప్పురవ్వ బాగుంటే తప్పు పెట్రోల్‌ది. ఇంజిన్ ఆగాక ఆ వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోల్ ఆవిరైపోతుంది. కార్బురేటర్‌కీ ఎగ్జాస్ట్‌కీ మధ్య ఉండాల్సిన వేడి అడ్డు రేకు ఉందో లేదో చూడండి, ఎవరో విప్పి మళ్లీ బిగించి ఉండరు. పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్‌కి ఆనుకుని పోతుంటే దూరం జరపాలి.

బండి చూడటానికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. ఫోన్‌లో చల్లగా ఉంచమని చెప్పినా వెచ్చగా తగిలితే, పొద్దున్నే స్టార్ట్ చేయడానికి ఎంత తంటాలు పడ్డారో చూపించడం ఇష్టం లేదనే అనుకోవాలి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఎక్కడ పోతోందన్నదే అసలు ప్రశ్న. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పెరిగి, కదలగానే దిగితే గాలి చాలడం లేదు. పాత బండ్లలో చాలావాటికి ఫ్యాన్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది, ఐడిల్‌లో దాని జోరు తక్కువ. వేడెక్కగానే ఆన్ అయ్యే థర్మోస్టాటిక్ స్విచ్చుతో ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే తీరిపోతుంది. హైవే మీద వేగం పెరిగే కొద్దీ పెరుగుతుంటే రేడియేటర్ లోపల పూడిపోయింది, లేదా వాటర్ పంప్ అరిగింది, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా (నిప్పురవ్వ ఆలస్యంగా పడినా) ఇంజిన్ వేడెక్కుతుంది, అది చూడటానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు అదే చూడండి.

కొంతమంది మెకానిక్‌లు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోకుండా ఆపే వాల్వ్) పీకేసి పరిష్కారం అంటారు. ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఇంటి నుంచి ఆఫీసు దాకా చిన్న దూరాలు తిరిగే బండికి అరుగుదల పెరుగుతుంది. టెస్ట్ డ్రైవ్ అయ్యాక బండిని ఆపేయకుండా ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదిలి ముల్లు చూస్తూ బేరం ఆడండి. అప్పుడే ఆయిల్ ప్రెషర్ కూడా చూసుకోవచ్చు. ఎంజీబీలో వేడి మీద, రోడ్డు వేగంలో 50 పీఎస్‌ఐ దగ్గర ఉంటే నిశ్చింత. ఐడిల్‌లో అది 15-20కి దిగడం మామూలే.

యాక్సిలరేటర్ తొక్కగానే తడబడి, తర్వాత అందుకుంటోంది

ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ ఉన్న బండి అయితే సంబరపడండి, బహుశా పైసల్లో తీరే పనే. కార్బురేటర్ నెత్తిన ఉన్న చిన్న మూత విప్పితే లోపల డాష్‌పాట్ (ఆయిల్ పోసే చిన్న గది) ఉంటుంది. అందులో ఆయిల్ ఎండిపోతే కార్బురేటర్ పిస్టన్ మరీ వేగంగా లేస్తుంది, ఇంజిన్‌కి ఒక్క క్షణం గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. పల్చటి ఆయిల్ కొద్దిగా పోసి మూత బిగించండి. ఈ ఒక్క కారణానికి కార్బురేటర్లు మొత్తం మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

లైట్లు మసక, ఇండికేటర్ వేస్తే ఇంకేదో వెలుగుతోంది

వైరింగ్ మొత్తం పోయిందని భయపెడతారు. చాలాసార్లు తప్పు ఎర్త్‌ది, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్‌ది. బాడీకి ఎర్త్ బిగించిన చోట తుప్పు పడితే కరెంటు దొరికిన దారిలో పోతుంది. ఎర్త్ పాయింట్లన్నీ విప్పి, లోహం మెరిసేదాకా గీకి, గ్రీజు రాసి బిగించండి. సగం సమస్యలు అక్కడితో పోతాయి. బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. హెడ్‌లైట్ల కరెంటు స్విచ్చు గుండా పోకుండా రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చులు) పెట్టిస్తే రాత్రి ప్రయాణం మారిపోతుంది.

1960లలో మొదట వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఎర్త్ అయి ఉంటుంది (ఇప్పటి బండ్లలో నెగటివ్). అది చూసుకోకుండా మామూలు ఫోన్ ఛార్జరో, స్టీరియోనో పెడితే కాలిపోతుంది. తర్వాత ఎవరైనా మార్చారేమో కూడా చూడాలి. ఆ బండ్లలో సీట్ల వెనక నేల కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి, ఆ పెట్టెలు తుప్పుకి పుట్టిల్లు.

బ్రేక్ వేస్తే ఒక పక్కకి లాగుతోంది

ఒక పక్క బ్రేక్ పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. దానికన్నా మోసం చేసేది రబ్బరు బ్రేక్ పైపు. బయటికి కొత్తగా కనిపిస్తూనే లోపల ఉబ్బి మూసుకుపోతుంది, ప్రెషర్ వెళ్తుంది కానీ తిరిగి రాదు, ఆ చక్రం బ్రేక్ పట్టే ఉంటుంది. కాసేపు నడిపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టకుండా వేడి గమనించండి, ఒకటి ఎక్కువగా ఉంటే అదే. పైపులన్నీ ఒకేసారి మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ ఉన్న బండిలో సిలికాన్ రకం డాట్ 5 కలపొద్దు.

అలాగే టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ కోడ్ చదవండి. 2315 అంటే 2015లో 23వ వారం. గీతలు బాగున్నా పదేళ్లు దాటిన టైర్లతో రోజూ తిరగడం ప్రమాదం. ఈ బండ్లలో చాలావాటికి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్‌లు లేవు, తప్పు మన్నించే గుణం తక్కువ.

స్టీరింగ్ 100 దగ్గర వణుకుతోంది

చక్రాల బ్యాలెన్సింగ్ ముందు చూడండి. పుల్లల చక్రాలైతే వదులైన పుల్లలు. అప్పటికీ పోకపోతే, ఎంజీబీలో అయితే కింగ్ పిన్‌లు (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు). గ్రీజు కొట్టే అలవాటు లేని యజమాని చేతిలో అవి త్వరగా అరుగుతాయి.

రెండో గేరు గరగరమంటోంది, లేదా క్లచ్ కిందికి పోయింది

గేరు శబ్దం చల్లగా ఉన్నప్పుడే అయితే సింక్రో (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగు) అరుగుదల. ఇంకొన్నాళ్లు తోలొచ్చు, ధర మాత్రం తగ్గించుకోండి. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతుంటే స్లేవ్ సిలిండర్ (క్లచ్‌ను కదిలించే చిన్న సిలిండర్) పోయింది, చిన్న పనే. ప్లేట్లు జారుతుంటే మాత్రం ఎంజీబీలో ఇంజిన్ బయటికి తీయాలి. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) పట్టకపోతే ముందు గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం, తర్వాత వైరు చూడండి.

పెట్రోల్ వాసన

దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరు పైపులను మెత్తబరిచి, పగుళ్లు తెస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని రాసి ఉన్న పైపు వేయించండి. బండిలో చిన్న అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. సీసం కలిపిన పెట్రోల్ కోసం తయారైన ఇంజిన్లలో ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకు వదిలే సన్నటి ఖాళీ) మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే వాల్వ్ సీట్లు అరుగుతున్నాయి. హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే సరి, అప్పటిదాకా బండిని మరీ పరిగెత్తించకండి.

టాప్ వెనక ప్లాస్టిక్ అద్దం పగిలింది

చలిలో మడిచారు, లేదా జిప్ తీయకుండా మడిచారు. జిప్ ఉంటే ముందు అది తీయండి, చలిగా ఉంటే టాప్ జోలికి పోకండి.

బండి మెకానిక్ షెడ్డులోనే ఉంటోంది

తరచూ ఇది బండి జబ్బు కాదు, ఒకేసారి అన్నీ చేయించాలనే తొందర. కొనగానే సస్పెన్షన్, కార్బురేటర్, ఇంటీరియర్ అన్నీ విప్పిస్తే ఏదో ఒక పార్టు కోసం నెలలు ఆగిపోతుంది. మొదట బ్రేకులు, టైర్లు, పెట్రోల్ పైపులు, కూలింగ్, ఎర్త్‌లు. అవయ్యాక ఒక నెల నడపండి, మిగతావి ఒక్కోటిగా చేయించండి. రోజుల తరబడి నిలిపి ఉంచిన బండి కన్నా తిరిగే బండే తక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇన్సూరెన్స్ పాలసీ కూడా చదవండి. క్లాసిక్ కార్ల పాలసీల్లో చాలావాటికి ఏడాదికి ఇన్ని కిలోమీటర్లనీ, రోజూ ఆఫీసుకి వాడకూడదనీ షరతులుంటాయి.

డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఫ్యాన్ బెల్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటార్, ఒక ప్లగ్గు, ఫ్యూజులు, రేడియేటర్ పైపు ఒకటి, రెండు క్లిప్పులు, లీటరు ఆయిల్, నీళ్ల సీసా, టార్చి, బండికి సరిపోయే సైజు స్పానర్లు. బ్రిటిష్ బండ్లలో చాలా బోల్టులు అంగుళాల కొలతలవి, మామూలు మిల్లీమీటర్ల సెట్ వాటికి సరిగ్గా పట్టదు.